చీనీ అంటు కొనే ముందు తల్లి చెట్టు సంగతి అడగండి

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగస్తులం. అనంతపురం జిల్లా నార్పల దగ్గర మా నాన్నగారికి బోరు కింద నాలుగెకరాల భూమి ఉంది. ఇరవయ్యేళ్ళ క్రితం వేసిన చీనీ (బత్తాయి) తోట ఏడెనిమిదేళ్ళు బాగా కాచి, ఆ తరువాత ఒక్కో చెట్టే ఎండుతూ వచ్చింది. మూడేళ్ళ క్రితం తోట మొత్తం కొట్టేశాం. ఆ మొక్కలు ఎక్కడివో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. గట్టు పక్కన ఒక్క చెట్టు మాత్రం ఇప్పటికీ పచ్చగా కాస్తోంది. మళ్ళీ చీనీయే వేస్తానని నాన్న పట్టుబడుతున్నారు. హోస్కోటె దారిలో ఒక నర్సరీవాళ్ళు ‘గవర్నమెంటు అప్రూవ్డ్’ మొక్క 45 రూపాయలకు ఇస్తామన్నారు. మరో చోట వల ఇంట్లో (నెట్‌హౌస్‌లో) పెంచిన మొక్క 90 రూపాయలన్నారు. తెగుళ్ళు లేని మొక్కల కోసం కేంద్రం వందల కోట్లు ఖర్చు పెడుతోందని పేపర్లో చదివాను. ఆ సాయం మాకు అందుతుందా? ఆ పథకం మొక్కలు వచ్చేదాకా ఆగమంటారా? ఆ బతికిన చెట్టు నుంచే అంట్లు కట్టించుకుంటే చాలునని నాన్న అంటున్నారు. అది సరైన ఆలోచనేనా? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

సమాధానం:

అమ్మా,

మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా అన్నిటి వేరూ ఒకే చోట ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మనం చీనీ మొక్క అని కొనేదానిలో నిజానికి రెండు మొక్కలు ఉంటాయి. నేలలోకి వేళ్ళు దింపేది రంగపూర్ నిమ్మో జంబేరియో (రెండూ నిమ్మజాతివే) అయితే, పైన కొమ్మలు వేసి కాయలు కాసేది సాతుగుడి అనే చీనీ రకం. వేరుమూలం అనే ఆ కింది భాగం గింజ నుంచి మొలుస్తుంది. నిమ్మజాతి వైరస్‌లు చాలామటుకు గింజ ద్వారా రావు కనుక ఆ మొలక సాధారణంగా శుభ్రంగానే పుడుతుంది. పై భాగం మాత్రం ఒక పెద్ద చెట్టు కొమ్మ మీద కోసిన కన్ను, అంటే చిగురు మొలిచే మొగ్గ. తల్లి చెట్టు తీపి ఆ కంటితో ఎలా వస్తుందో, తల్లి చెట్టు జబ్బూ అలాగే వస్తుంది. ఒక్క చెట్టు నుంచి ఏడాదికి వందల కళ్ళు కోస్తారు. తల్లికి జబ్బు ఉంటే ఆ వందల మొక్కలూ జబ్బుతోనే పుట్టి, వందల మైళ్ళ దూరంలోని తోటలకు లారీలో ప్రయాణమవుతాయి.

ఇలా వచ్చే జబ్బుల్లో మన ప్రాంతపు చీనీకి ముఖ్యమైనవి మూడు. ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి కనిపించే మొజాయిక్ సాతుగుడిని బాగా పట్టే వైరస్. అది ఎక్కువగా అంటు కన్నుతోనే తోటలోకి వస్తుంది. గ్రీనింగ్ అనే జబ్బు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దాన్ని అంటు కన్నూ మోస్తుంది, చిగుళ్ళ మీద వాలే సిల్లా పురుగూ మోస్తుంది. మూడోది ట్రిస్టిజా అనే వైరస్. దీన్ని పేనుబంక మోస్తుంది. ఈ మూడింటిలో ఏది సోకినా చెట్టును బాగుచేసే మందు లేదు. 2005లో అమెరికాలోని ఫ్లోరిడాలో గ్రీనింగ్ బయటపడ్డాక, తుపానులూ తోడై, అక్కడి నారింజ దిగుబడి ఇరవయ్యేళ్ళలో పదో వంతు కంటే కూడా తక్కువకు పడిపోయింది. అంత దూరం వెళ్ళనక్కరలేదు, బెంగళూరుకు అయిదారు గంటల ప్రయాణంలో ఉన్న కొడగు చూడండి. కాఫీ తోటల మధ్య పండిన అక్కడి కమలా ఒకప్పుడు ఎంత పేరు పొందిందో, ఈ తెగుళ్ళూ వేరుకుళ్ళూ కలిసి దాన్ని ఎంతగా కుదించాయో అక్కడి పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

మోసమంతా కాలవ్యవధిలో ఉంది. నర్సరీలో మొక్క వయసు ఏడాది, ఏడాదిన్నర. ఎరువు వేసి, నీడ వల కింద నీళ్ళు పెడితే జబ్బున్న మొక్క కూడా ఆ వయసులో నిగనిగలాడుతుంది. తోటలో నాటాక నాలుగైదేళ్ళకు కాపు మొదలై, చెట్టు మీద కాయ బరువు పడ్డాక, ఆరో ఏటో ఎనిమిదో ఏటో లోపలి జబ్బు బయటికి వస్తుంది. అప్పటికి మొక్క అమ్మినవాడు గుర్తుండడు, బిల్లు ఉండదు. ఏ నెపం చెప్పినా నమ్మవలసిందే: నీళ్ళు ఎక్కువయ్యాయనో, ఎరువు తక్కువైందనో, నేల మంచిది కాదనో.

ఇది నా ఇంట్లో జరిగింది కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉద్యాన శాఖలో ఉద్యోగం చేస్తూనే 1998లో మా అన్నయ్య పొలంలో మూడు వందల చీనీ మొక్కలు నాటించాను. ఏ నర్సరీ అన్నది ఇప్పుడు అనవసరం. రాయితీ గడువు ముగిసేలోపు మొక్క నేలలో ఉండాలన్న తొందరలో, వచ్చిన లారీలోని మొక్కలను వచ్చినట్టే దించుకున్నాం. ఆ కళ్ళు ఏ చెట్టువని నేను అడగలేదు. ఆరో ఏట, ఒక కార్తిక మాసపు ఉదయం, అన్నయ్య ఒక కొమ్మ విరిచి నా చేతికి ఇచ్చి ‘‘ఇదేం తెగులురా?’’ అన్నాడు. ఆకు ఎత్తి ఎండకు పట్టి చూశాను. ఈనె పక్కల పసుపు చారలు, మధ్యమధ్య ముదురు ఆకుపచ్చ తునకలు. ఇతరులకు పాఠంగా చెప్పిన మొజాయిక్‌ను నా ఇంటి చెట్టు మీద చూశాను. వరస వెంట నడిచి లెక్కపెడితే ప్రతి నాలుగు చెట్లలో ఒకటి అలాగే ఉంది. ఆ తోట మరో అయిదేళ్ళు నిలిచింది గానీ పెట్టుబడి తిరిగి రాలేదు. అన్నయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే.

మీ నాన్నగారి తోట ఎండడానికి ఇదే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. వేరుకుళ్ళు, బంక తెగులు, ఎండు తెగులు కూడా చెట్టును ఒక్కొక్కటిగా చంపుతాయి. ఆ తెగుళ్ళ బీజం నేలలోనూ ఉంటుంది, నర్సరీ సంచిలోని మట్టిలోనూ వస్తుంది. కానీ ఒక మాట మాత్రం ఖాయం. పాత తోటకు మొక్కలు ఎక్కడివో, ఎవరి కళ్ళో మీ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదని మీరే రాశారు. రెండోసారి అలా జరగకూడదు.

మీ ఉత్తరం అందిన వారంలో ఒక పని మీద కె.ఆర్. పురం దాటి హోస్కోటె దారిలో వెళ్తూ ఒక నర్సరీ దగ్గర ఆగాను. మీరు చెప్పినదే అయి ఉండనక్కరలేదు. అక్కడ వరసగా పెట్టిన చీనీ సంచుల్లో ఒకటి పైకెత్తి చూశాను. కన్ను కట్టిన చోటు మట్టికి రెండు వేళ్ళ ఎత్తులో ఉంది. అది కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. లేకపోతే రేపు పాదులో మట్టి ఎగదోసినప్పుడో నీళ్ళు నిలిచినప్పుడో సాతుగుడి బెరడు తడిమట్టిని తాకి, బంక కారడం మొదలవుతుంది. అంటు కింద వేరుమూలం నుంచి ముళ్ళ పిలక ఒకటి లేచి ఉంది, దాన్ని తుంచినవాళ్ళు లేరు. సంచి అడుగున రంధ్రాల్లోంచి వేరు బయటికి వచ్చి పక్క నేలలోకి దిగింది, అంటే లాగితే తెగుతుంది. ‘‘ఈ కళ్ళు ఎక్కడివి?’’ అని అడిగితే అక్కడి కుర్రవాడు వినయంగానే ‘‘మంచి తోటవి సార్’’ అన్నాడు. ఏ తోట, ఎవరు పరీక్షించారు, ఎప్పుడు పరీక్షించారు అన్నవాటికి అతని దగ్గర జవాబు లేదు. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. అతనికి ఎవరూ చెప్పలేదు, కొనేవాళ్ళూ ఎవరూ అడగలేదు.

ఇక ప్రభుత్వ సాయం సంగతి. మీరు చదివినది స్వచ్ఛ మొక్కల పథకం గురించి, అంటే క్లీన్ ప్లాంట్ ప్రోగ్రాం గురించి. 2023 ఫిబ్రవరి బడ్జెట్లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ దీన్ని ప్రకటించారు. 2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం 1,765.67 కోట్ల రూపాయలతో ఆమోదించింది. జాతీయ ఉద్యాన మండలి, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి దీన్ని నడుపుతాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు 9.8 కోట్ల డాలర్ల రుణం ఇస్తోంది. దేశంలో తొమ్మిది స్వచ్ఛ మొక్కల కేంద్రాలు దీని గుండెకాయ. వాటిలో ద్రాక్షకు పూణె, దానిమ్మకు సోలాపూర్, ఆపిల్ వంటి చలి ప్రాంతపు పండ్లకు శ్రీనగర్, ముక్తేశ్వర్, మామిడి, జామ, అవకాడోలకు మన బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ, నిమ్మజాతికి నాగపూర్, బికనేర్. మీ చీనీ వ్యవహారం నాగపూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థకు చెందుతుంది.

ఆ కేంద్రాల్లో జరిగే పని ఏమిటో తెలిస్తే ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో అర్థమవుతుంది. మంచి కాపు, మంచి రుచి ఉన్న చెట్టును ఎంచి దాని చిగురు తెస్తారు. చిగురు కొసన, మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని మొన భాగంలోకి నీళ్ళూ పోషకాలూ మోసే నాళాలు ఇంకా ఏర్పడి ఉండవు కనుక, నాళాల వెంట పాకే వైరస్ తరచుగా అక్కడిదాకా చేరదు. ఆ మొనను సూక్ష్మదర్శిని కింద కోసి, చీకట్లో గాజు గొట్టంలో పెంచిన నిమ్మ మొలక మీద అంటిస్తారు. పది కడితే అన్నీ బతకవు. బతికినవాటిని ప్రయోగశాలలో ఎలైసా, పీసీఆర్ వంటి పరీక్షలు చేసి, శుభ్రమని తేలినవాటినే పురుగు దూరని సన్న వల ఇంట్లో ఉంచుతారు. అవే తొలి తల్లులు. వాటి నుంచి తల్లి మొక్కల తోట, దాని నుంచి గుర్తింపు పొందిన నర్సరీలకు కళ్ళు, నర్సరీల నుంచి రైతుకు మొక్కలు, ఈ మెట్లన్నిటికీ 1966 విత్తన చట్టం కింద ధ్రువీకరణ. డబ్బు ఖర్చయ్యేది పై మెట్ల మీద: ప్రయోగశాలలకు, వల ఇళ్ళకు, పరీక్షలకు, నర్సరీల ఆధునికీకరణకు. మీ నాన్నగారి బ్యాంకు ఖాతాలో ఆ పథకం పేరుతో రూపాయి జమ కాదు. మీకు అందే సాయం మొక్క రూపంలోనే ఉంటుంది, అది కూడా సరైన నర్సరీని ఎంచుకున్నప్పుడే.

దీన్ని చూసి నిరాశపడకండి. అరటి విషయంలో ఇదే మార్గం ఎలా పనిచేసిందో మీ జిల్లాలోనే కనిపిస్తుంది. టిష్యూకల్చర్ మొక్కల ధ్రువీకరణకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో ఒక జాతీయ వ్యవస్థను ఏర్పాటు చేసింది. గుర్తింపు పొందిన కంపెనీ తన మొక్కలను గుర్తింపు పొందిన పరీక్షశాలకు పంపాలి. బంచీ టాప్ వంటి వైరస్‌లు లేవని తేలాకే ఆ విడతకు ముద్ర పడుతుంది. మీ నాన్నగారి చుట్టుపక్కల గ్రాండ్ నైన్ అరటి వేసిన రైతులను అడగండి. పిలక తెచ్చి నాటిన రోజులకూ, లేబుల్ చూసి మొక్క కొంటున్న ఈ రోజులకూ తేడా వాళ్ళే చెబుతారు. చీనీలో ఆ లేబుల్ అలవాటు ఇంకా రాలేదు, అంతే తేడా.

మీకు నేరుగా అందగల సాయం మరొకటి ఉంది. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద కొత్త పండ్లతోటకు విస్తీర్ణం లెక్కన రాయితీ వస్తుంది. దానిలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. 2014 నాటి నిబంధనల్లో ఆ మొత్తాన్ని మూడేళ్ళలో 60, 20, 20 శాతాల చొప్పున ఇచ్చేవారు. రెండో ఏట 75 శాతం, మూడో ఏట 90 శాతం మొక్కలు బతికి ఉంటేనే తరువాతి వాయిదా. 2025లో ఖర్చు ప్రమాణాలతో సహా నిబంధనలను సవరించారు కనుక, మీ పంటకు ఇవాళ వర్తించే అంకెను నాన్నగారు ఊరి రైతు సేవా కేంద్రంలో గ్రామ ఉద్యాన సహాయకుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకెళ్తే ఆ రోజే పేరు నమోదు అవుతుందో లేదో తేలుతుంది. బిందుసేద్యం రాయితీ వేరే ఖాతా, దానికి అక్కడే విడిగా దరఖాస్తు ఇవ్వాలి.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. రాయితీ బతికిన మొక్కను లెక్కపెడుతుంది. తొలి రెండు మూడేళ్ళు చూసి ఆగిపోతుంది. వైరస్ ఆ తొలి ఏళ్ళంతా నిద్రపోతుంది. జబ్బు మొక్క కూడా అప్పటికి పచ్చగా నిలిచి, బతికినవాటి లెక్కలో చేరి, చివరి వాయిదా తెచ్చిపెడుతుంది. కాబట్టి రాయితీ వచ్చిందంటే మొక్క మంచిదని అనుకోవద్దు. రాయితీ కోసం మొక్కను తొందరపడి ఒప్పుకోవద్దు. గుర్తింపు పొందిన నర్సరీ నుంచే మొక్కలు కొనాలని నిబంధనలే అంటున్నాయి. హోస్కోటె దారి మొక్కలు తెచ్చి నాటితే రేపు ఆ బిల్లు రాయితీకి చెల్లకపోయే ప్రమాదం కూడా ఉంది.

ధరల లెక్క కూడా ఒకసారి వేద్దాం. ఇరవై అడుగుల ఎడంలో నాటితే ఎకరాకు దాదాపు 110 మొక్కలు, నాలుగెకరాలకు 440. మొక్కకు 45 రూపాయల తేడా అంటే మొత్తం 19,800 రూపాయలు. మీరు బెంగళూరులో ఒక నెల కట్టే ఇంటి అద్దె అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇరవయ్యేళ్ళు నిలవవలసిన తోటకు, బోరు, బిందుసేద్యం, గుంతలు, కూలీ, కంచె అన్నీ కలిపి పెట్టే లక్షల ఖర్చులో ఈ ఒక్క చోట పొదుపు చేయడం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా కనిపించడం లేదు. అయితే 90 రూపాయలు అడిగినంత మాత్రాన ఆ మొక్క శుభ్రమని కూడా అనుకోకండి. వల ఇల్లు పురుగును ఆపుతుంది, తల్లి నుంచి కంటితో వచ్చిన జబ్బును ఆపలేదు. అక్కడికీ వెళ్ళి అవే ప్రశ్నలు అడగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పండ్ల నర్సరీల నియంత్రణకు 2010లో చేసిన చట్టం ఉంది. నర్సరీకి లైసెన్సు ఉండాలి, తల్లి మొక్కల వివరాలు రిజిస్టరులో ఉండాలి. మీరు నర్సరీకి వెళ్ళినప్పుడు ముందు లైసెన్సు చూపమనండి. ‘అప్రూవ్డ్’ అన్న బోర్డు కాదు, నంబరూ గడువు తేదీ ఉన్న కాగితం. తరువాత తల్లి చెట్లను చూపమనండి. ఉంటే పది అడుగుల దూరంలోనే ఉంటాయి. లేకపోతే కళ్ళు ఎక్కడి నుంచి కొన్నారో రసీదు ఉండాలి. ఆ తల్లి చెట్లకు గ్రీనింగ్, ట్రిస్టిజా, మొజాయిక్ పరీక్షలు ఏ ప్రయోగశాలలో, ఏ నెలలో చేయించారో నివేదిక అడగండి. రెండు మూడేళ్ళ నాటి నివేదిక, అందులోనూ బయట ఎండలో నిలిచిన చెట్టుది, నాకు సరిపోదు. వేరుమూలం రంగపూర్ నిమ్మేనా అని అడగండి. మన ఎర్రనేలలకూ నీటి ఎద్దడికీ అది తట్టుకుంటుంది, ట్రిస్టిజాకూ కొంత ఓర్చుకుంటుంది. చివరిగా బిల్లు మీద రకం, వేరుమూలం, మొక్కల సంఖ్య, లైసెన్సు నంబరు రాయించుకోండి. ఆరేళ్ళ తరువాత ఏదైనా తేడా వస్తే మీ చేతిలో మిగిలేది ఆ ఒక్క కాగితమే. ఈ ప్రశ్నలకు చిరాకుపడే నర్సరీ నుంచి మొక్క కొనకండి. సంతోషంగా రిజిస్టరు తెరిచే నర్సరీలు తక్కువగానైనా ఉన్నాయి, నేను చూశాను. అలాంటివాళ్ళకు మీలాంటివాళ్ళు ఇచ్చే ధరే ఊపిరి.

మొదట అడగవలసిన చోటు తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం. అది డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానిది, సాతుగుడి వాళ్ళ చేతిలో పెరిగిన పంట. నాగపూర్ సంస్థ కూడా పరీక్షించిన మొక్కలు ఇస్తుంది. రెండు చోట్లా అడగ్గానే 440 మొక్కలు దొరకడం కష్టం. ముందుగా రాసి, పేరు నమోదు చేయించుకోవాలి.

దీనితో మీ రెండో ప్రశ్నకు జవాబు సగం వచ్చినట్టే. స్వచ్ఛ మొక్కల పథకం కింద సాతుగుడి తల్లులు సిద్ధమై, తల్లి తోటలు పెరిగి, వాటి కళ్ళు నర్సరీలకు చేరి, అక్కడ మొక్క ఏడాదిన్నర పెరిగి మీ గుంతలోకి రావాలంటే కొన్నేళ్ళు పడుతుంది. అప్పటిదాకా నాలుగెకరాలు బీడు పెట్టమని నేను చెప్పను. అలాగని ఈ వానకాలమే నాటి తీరాలన్న పట్టుదలా వద్దు. ఒక ఏడాది ఆగండి. ఈ ఏడాదిలో మొక్కలకు పేరు నమోదు చేయించండి, నేలను బాగుచేయండి.

నేల పని తక్కువది కాదు. పాత చెట్ల మొదళ్ళు, పెద్ద వేళ్ళు ఇంకా నేలలో ఉంటే తవ్వి తీయించి కాల్పించండి. వేరుకుళ్ళు కలిగించే శిలీంధ్రం వాటిలోనే దాగి ఉంటుంది. ఈ ఏడాది వేరుశనగో, ఉలవలో, కందులో వేసుకుంటే నాన్నగారి చేతికి కాస్త డబ్బూ, నేలకు కాస్త బలమూ వస్తాయి. కొత్త గుంతలు పాత పాదుల్లో కాకుండా రెండు పాత వరసల నడుమ తవ్వించండి. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి నీడలో మాగబెట్టి గుంతకు వేయండి. నీటి గొట్టాలు మొదలుకు ఆనుకోకుండా కాస్త ఎడంగా వెళ్ళాలి, మొదలు తడవకూడదు.

ఇంకొక చిన్న విషయం, ఇది ఎవరూ చెప్పరు. పొలంలో ఉన్న ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు ఉందా? గ్రీనింగ్ మోసే సిల్లా పురుగుకు కరివేపాకు లేత చిగురంటే ఎంతో ఇష్టం, దాని మీద గుడ్లు పెట్టి పెరిగి చీనీ చిగుళ్ళ మీదికి దూకుతుంది. కొట్టేయమని అనను, ఇంటి కూర ఎలా అవుతుంది? కానీ తోట పక్కన ఉంచకండి. చీనీ చిగురు వేసే ప్రతి విడతలో రెండు చెట్లనూ కలిపి గమనించండి. శుభ్రమైన మొక్క కూడా బయట నుంచి జబ్బు తెచ్చుకోగలదు. పురుగు మీద కన్ను వేయకపోతే కొన్న శుభ్రత నాలుగేళ్ళకే పోతుంది.

ఇక గట్టు పక్కన నిలిచిన ఆ చెట్టు. నాన్నగారి ఆశ నాకు అర్థమవుతుంది. తోటంతా పోయినా నిలిచి కాస్తున్న చెట్టు మీద నమ్మకం కలగడం సహజం, ఆ నమ్మకంలో నిజం కూడా ఉండవచ్చు. అది నిజంగా ఏ తెగులూ అంటని చెట్టు కావచ్చు, లేదా లోపల జబ్బు ఉన్నా ఓర్చుకుని నిలబడిన చెట్టు కావచ్చు. రెండోదైతే, కళ్ళు కోసి కొత్త వేరుమూలం మీద కట్టినప్పుడు ఆ 440 పిల్లలకూ తల్లి ఓర్పు రాకపోవచ్చు గానీ తల్లి జబ్బు మాత్రం తప్పకుండా వస్తుంది. చెట్టును చూసి ఈ రెంటిలో ఏదో చెప్పగలవాళ్ళు లేరు. పరీక్ష ఒక్కటే చెబుతుంది.

ముందు ఇంట్లో చేయగలిగిన చూపు ఒకటి ఉంది. వచ్చే వారాంతం ఊరు వెళ్ళినప్పుడు ముదురాకులు కొన్ని కోసి, సూర్యుడికి ఎదురుగా పట్టి చూడండి. ఈనెకు రెండు పక్కలా పసుపు ఒకే తీరుగా, అద్దంలో చూసినట్టు ఉంటే అది చాలావరకు జింకు లోపమే, మందు కొడితే పోతుంది. ఒక పక్క ఒక తీరు, రెండో పక్క ఇంకో తీరు మచ్చలు పడి, ఈనె దళసరిగా కనిపిస్తే అనుమానించాలి. ఏమీ కనిపించకపోయినా పరీక్ష మానవద్దు.

పరీక్షకు ఆకులు పంపడంలో జాగ్రత్తలు రాస్తున్నాను, నాన్నగారికి చదివి వినిపించండి. గ్రీనింగ్ బ్యాక్టీరియా చెట్టంతా సమంగా ఉండదు, ఒక కొమ్మలో ఉండి పక్క కొమ్మలో లేకపోవచ్చు. అందుకని చెట్టుకు నాలుగు వైపుల నుంచీ, పైకొమ్మల నుంచీ కిందికొమ్మల నుంచీ, తొడిమ విరగకుండా ముదురాకులు కోయాలి, ఎందుకంటే తొడిమలోనూ నడిమి ఈనెలోనూ అది ఎక్కువగా దొరుకుతుంది. కత్తెరను ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు మార్చేముందు స్పిరిట్‌తో తుడవాలి. ఆకులను తడి లేకుండా కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి, చెట్టు ఎక్కడిది, వయసెంత, ఏ తేదీన కోశారు అని రాసి చీటీ వేయాలి. ఎండలో కారులో వదిలేయకూడదు, మంచుగడ్డల పెట్టెలో పెట్టుకుని అదే రోజు బెంగళూరు తెస్తే మంచిది. తిరుపతి స్థానానికి ముందుగా ఫోన్ చేసి ఏ రోజు తీసుకుంటారో, రుసుమెంతో కనుక్కోండి. మీకు దగ్గరనుకుంటే హెసరఘట్ట సంస్థలో మొక్కల తెగుళ్ళ విభాగాన్ని కూడా అడిగి చూడండి. ఏటా సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ జాతీయ ఉద్యాన మేళా జరుగుతుంది. నాన్నగారిని ఆ రోజుల్లో బెంగళూరుకు పిలిపించి తీసుకెళ్తే, శాస్త్రవేత్తలతో ఆయనే నేరుగా మాట్లాడవచ్చు. కన్నడం రాదని సంకోచించనక్కరలేదు, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు.

ఒక్కసారి శుభ్రమని వస్తే అక్కడితో ఆగకండి. మరో కాలంలో, చలి తగ్గి చిగురు ముదిరాక, ఇంకోసారి పంపండి. రెండుసార్లూ శుభ్రమని వస్తే నివేదికలు పట్టుకుని తిరుపతి వెళ్ళి ఆ చెట్టు చరిత్ర చెప్పండి. చుట్టూ తోట చచ్చినా తాను నిలిచిన సాతుగుడి అంటే వాళ్ళకూ ఆసక్తి ఉంటుంది. కళ్ళు కోసి చూడాలంటే వాళ్ళ పర్యవేక్షణలో ఓ పది మొక్కలు కట్టించుకోండి, మిగిలిన నాలుగెకరాలకూ పేరు నమోదు చేయించిన మొక్కలే నాటండి. జబ్బు ఉందని వస్తే మాత్రం, ఎంత కాస్తున్నా, కొత్త మొక్కలు పొలానికి వచ్చేలోపు ఆ చెట్టును వేళ్ళతో సహా తీయించండి. అది నాన్నగారికి కష్టమైన పని. ఆ రోజు మీరు ఊళ్ళో ఆయన పక్కన ఉండండి.